శబ్దం పోయిన మ్యాట్నీ

కాదు, నవ్వింది తను కాదు, వెనక వరుసలో ఎవరో అయ్యుంటారు, ఈ దిక్కుమాలిన సినిమాకి తనెందుకు నవ్వుతుంది, కానీ గొంతులో ఇంకా గిలిగింత ఉంది, పెదవులు ఇంకా దగ్గరికి రాలేదు, నోరు తనదే, నవ్వూ తనదే, అమ్మ ప్రాణం పెట్టుకున్న నక్షత్రనౌక సినిమాలను ఎవరో మళ్ళీ మొదటినుంచి తీసి, తెలుగు మాటలు అతికించి, ఇంతలా భ్రష్టు పట్టిస్తే చూసి నవ్వొచ్చిందా, ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని బతికే మనిషికి, తెర మీద నౌక లారీలా కీచుమంటూ మలుపు తిరుగుతోంది, గాలే లేనిచోట కీచుమనడమేమిటి, మంటలు భగ్గుమనడమేమిటి, ఇవన్నీ ఏరుకుని క్లాసులో చెప్పి పిల్లల్ని నవ్విద్దామనే వచ్చింది, అదొక్కటే మనసుకు చెప్పుకున్న సాకు, తీరా చూస్తే ఈ కొత్త కెప్టెన్, నడివయసు భారీ ఆడమనిషి, శత్రువుల ముందే మెట్టు తప్పి కూలబడి, లేచి బట్టలు దులుపుకుని, ఇక్కడ మెట్టుందని ఒక్కరూ చెప్పరేం అని వాళ్ళనే దబాయించేసరికి పగలబడి నవ్వేసింది, ఛీ.

మధ్య కుర్చీకి అవతల ఆవిడ కూడా నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, ఆవిడంటే నాన్న రేపు పెళ్ళి చేసుకోబోయే మనిషి, సిటీ బస్సు కండక్టరు, నాన్నే మూడు టికెట్లు కొని ఆఖరి నిమిషంలో, డ్యూటీ మార్చారు తల్లీ, మీరిద్దరూ వెళ్ళిరండి అన్నాడు, అబద్ధమాడడం ఆయనకు ఏనాడు చేతనైంది గనక, రేపు రిజిస్ట్రారు దగ్గర సాక్షి సంతకం నువ్వే పెట్టాలమ్మా, నీకిష్టం లేకపోతే ఈ పెళ్ళే వద్దు అన్నాడు మొన్న, చెప్పుల వైపు చూస్తూ, తను ఔననలేదు, కాదనలేదు, ఇంటికెళ్ళేసరికి ఏదో ఒకటి చెప్పక తప్పదు, అందుకే ఖాళీ కుర్చీలో తన హ్యాండ్‌బ్యాగు గోడ కట్టినట్టు నిలబెట్టింది, ఆవిడ చూసి, బ్యాగుక్కూడా టికెట్ కొట్టించారా టీచరమ్మా, మా డిపోలో లగేజీ అంటే పెద్ద రగడ అంది, అప్పుడు నవ్వలేదు తను, పళ్ళు బిగపట్టుకుని మరీ గెలిచింది.

అమ్మకు ఆ సినిమాల భాష ఒక్క ముక్క రాదు, అద్దెకున్నది ఒకటే గది, నాన్న మిల్లులో రాత్రి డ్యూటీ దిగి పగలు అందులోనే పడుకునేవాడు, అందుకని క్యాసెట్టు పెట్టి టీవీ శబ్దం మొత్తం తగ్గించేసేది, తెర మీద కెప్టెన్ పెదాలు కదిలితే అమ్మ గుసగుసగా మాటలు కల్పించేది, మరమనిషి మాటలు మాత్రం తనవి, ముక్కుతో, ఇనుప బిడ్డా, భయంగా ఉందా అని అడిగేవాడు అమ్మ కెప్టెన్, భయం నాలో బిగించలేదు కెప్టెన్ అనేది తను, ఇద్దరూ నోటికి అమ్మ కొంగే అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు, కాలేజీలో చేరాక ఓసారి శబ్దం పెట్టి చూస్తే ఆ కెప్టెన్ అసలు అన్నది తలుపులు మూయండి, ఇంజన్ ఆపండి, అంతే, ఎంత చప్పటి మనిషో, చుక్కల మీద పిచ్చి మాత్రం అక్కడే పట్టింది, ఇంటిల్లిపాదిలో మొదటి డిగ్రీ తనదయిందంటే ఆ మూగ సినిమాల పుణ్యమే, అమ్మ పోయాక క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో సర్ది అటక ఎక్కించింది, మళ్ళీ ముట్టుకోలేదు, ఇప్పుడు ఎవరినో తెచ్చి ఇదే కెప్టెన్ అంటే, ఎవరినో తెచ్చి ఇదే మీ, వద్దు, సినిమా చూడు.

టప్పుమంది, శబ్దం పోయింది, థియేటరు స్పీకర్లన్నీ ఒక్కసారే మూగబోయాయి, బొమ్మ మాత్రం నడుస్తోంది, సౌండ్ సౌండ్ అని కేకలు, ఈలలు, హమ్మయ్య, ఇన్నాళ్ళకు అంతరిక్షాన్ని ఉన్నదున్నట్టు చూపించారు అనుకుంది తను, తెర మీద మరమనిషి విరిగిన తలుపు పట్టుకుని ఒంటిచేత్తో నౌక బయట వేలాడుతోంది, కెప్టెన్ చెయ్యి చాచి ఏదో అంటోంది, పెదాలు కదులుతున్నాయి, అప్పుడు పక్కనుంచి, గుసగుసగా, ఒరేయ్ రేకు డబ్బా, ఫుట్‌బోర్డు మీద వేలాడొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి, లోపలికి జరుగు, లోపలంతా ఖాళీయే, నాన్న చెప్పేశాడు, అమ్మకూ తనకూ మాత్రమే తెలిసిన ఆట, నిద్ర నటిస్తూ అంతా విని, దాన్ని కూడా పట్టుకెళ్ళి ఈవిడ చేతిలో పెట్టాడు, నాన్న చెప్పాడా మీకు అంది, ఆవిడ ఉలిక్కిపడింది, ఏం చెప్పాలమ్మా, అయ్యో, పైకే అనేశానా, పాడలవాటు, స్టాపుల్లో అద్దం అవతల జనం నోళ్ళు కదుల్తుంటాయి, ఒక్క ముక్క వినపడదు, వాళ్ళ మాటలు నేనే అల్లుకుంటుంటా, లేకపోతే రోజంతా ఆ తోపులాటలో పిచ్చెక్కిపోదూ, ఇంక నోరెత్తనులెండి.

ఆవిడ నిజంగానే నోరు మూసుకుంది, తెర మీద కెప్టెన్ పెదాలు కదుల్తూనే ఉన్నాయి, మాటలు పెట్టేవాళ్ళు లేరు, మరమనిషి వేళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా, అలా ఎలా వదిలేస్తారు, భయం నాలో బిగించలేదు కెప్టెన్, ఎవరన్నారది, ముక్కుతో, చిన్నప్పటి గొంతుతో, ఆవిడ తల తిప్పి చూసింది, నవ్వలేదు, తెర వైపు తిరిగి, బిగించకపోతే మరి చెయ్యెందుకురా వణుకుతోంది అంది, అమ్మ ఎప్పుడూ అలా అడగలేదు, అమ్మ సినిమాలో ఈ మాటే లేదు, అమ్మ సినిమా అటక మీద అట్టపెట్టెలో అలాగే ఉంది, దాంట్లోంచి ఒక్క బొమ్మ చెరగలేదు, ఇది వేరేది, సవాలక్ష తప్పులున్నది, శబ్దం భళ్ళుమని తిరిగొచ్చింది, జనం చప్పట్లు, శూన్యంలో బాంబుల మోత, తను బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది, రేపు ఎన్నింటికి రమ్మన్నారు రిజిస్ట్రారు అని అడిగింది, ఆ మోతలో వినపడక ఆవిడ చెవి దగ్గరికి పెట్టింది, మళ్ళీ అడగబోతే గొంతు బొంగురుపోయింది, వాడకం లేని తలుపులా, ఇన్నేళ్ళూ అమ్మతో మూగబోయింది కెప్టెన్ ఒక్కడే అనుకుంది, మరమనిషి కూడా అని ఇప్పుడే తెలిసింది.