రాజమ్మ చేతి పువ్వు

పెడన పొలిమేరలో ఉన్న ఆ చిన్న కాన్పుల ఆస్పత్రిలో తెల్లవారిందంటే వీరాంజనేయులు తిట్లు వినపడాల్సిందే. ఆస్పత్రి బట్టలు ఉతికేది అతనే. బావి దగ్గర బండ మీద దుప్పట్లు పరుచుకుని, వాటి మీదున్న పువ్వుల్నీ తీగల్నీ మామిడిపిందెల్నీ చూసి "వీళ్ళ చేతులు పడిపోను, నా సబ్బంతా వీటికే సరిపోతోంది" అని మొదలుపెట్టేవాడు. అతని తిట్లు విని బాలింతలు నిద్ర లేచేవాళ్ళు.

ఆ ఆస్పత్రిలో ఒకరిని ముట్టుకున్న చేత్తో, కడుక్కోకుండా ఇంకొకరిని ముట్టుకుంటే అక్కడ అచ్చు పడుతుంది. ఊళ్ళోని అద్దకం షెడ్లలో చెక్క అచ్చుతో వేసినట్టే ఉంటుంది. దుప్పటి మీద పడుతుంది, ఒంటి మీదా పడుతుంది. ఒంటి మీదిది పదకొండో రోజు పురుటి స్నానం నాటికి వెలిసిపోతుంది, గుడ్డ మీదిది ఎంత ఉతికినా ఒక పట్టాన వదలదు. నర్సు నర్సుకీ ఒక అచ్చు. డాక్టరు జీవానందంగారి చేతికి ఆకులు పడేవి గానీ ఆయన వాటి వంక ఎప్పుడూ చూసుకోలేదు. ఎందుకిలా పడుతున్నాయని అడిగినవాళ్ళు లేరు. అద్దకాల ఊళ్ళో అచ్చు పడటం కూడా ఒక వింతేనా!

అన్నిటిలోకీ నర్సు రాజమ్మ పువ్వు అందం. ఎర్రటి పువ్వు, దాని చుట్టూ సన్నటి నల్లతీగ. పువ్వుకి ఒక రేకు తక్కువ. ఎప్పుడో ఇంజెక్షను సీసా మెడ విరుస్తుంటే ఆమె ఉంగరపు వేలి కొస తెగిపోయింది, రేకు అక్కడ పోయింది. రాజమ్మ హస్తవాసి మంచిదని చుట్టుపక్కల పేరు. మంగినపూడి నుంచి కూడా ఆటోల్లో వచ్చి, దిగకముందే "రాజమ్మ డ్యూటీలో ఉందా అండీ" అని కేకేసేవాళ్ళు. పుట్టిన బిడ్డ ఒంటి మీద ఆ పువ్వు ఉంటే దిష్టి తగలదని నమ్మేవాళ్ళు. "మా బుజ్జిముండకి కూడా ఒకటి వెయ్యమ్మా" అని అమ్మమ్మలు అడుగుతుంటే రాజమ్మకి కడుపు నిండిపోయేది. చాకిరీ చేసే మనిషికి ఆ మాత్రం గొప్ప ఉండకూడదా?

కొత్తగా ఇన్‌ఛార్జిగా వచ్చిన శ్రీలేఖ ఆ గొప్పకి అడ్డం పడింది. విజయవాడలో ట్రైనింగుకి వెళ్ళొచ్చి, అక్కడ ఇచ్చిన గైడ్‌లైన్స్ కాయితం బేసిన్ పైన అంటించింది.

"ఇది నా సొంత మాట కాదండీ" అంది నర్సులందరినీ కూర్చోబెట్టి. "ఎన్నో ఆస్పత్రుల్లో చేసి చూసి రాసింది. మనిషికీ మనిషికీ మధ్య చేతులు కడుక్కుంటే పసిపిల్లలకి జ్వరాలు తగ్గుతాయి, చావులు తగ్గుతాయి."

"అలాగేనమ్మా" అంది రాజమ్మ. అనడానికేం, అంది. బేసిన్ వరండా చివర ఉంది. కరెంటు పోతే అందులో నీళ్ళు రావు. వస్తే ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళకి తోడు కార్బాలిక్ సబ్బు. నాలుగుసార్లు కడిగేసరికి ఆమె వేళ్ళ సందులు పగిలి నెత్తురు కారేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. శ్రీలేఖ చూస్తున్నప్పుడు కడుక్కునేది, అటు తిరగ్గానే మానేసేది. మంచాల మీద పువ్వులు ఎప్పటిలాగే పూస్తూ ఉన్నాయి.

ఆ వర్షాకాలంలోనే లక్ష్మీదుర్గకి తొలికాన్పు అయింది. ఆమె భర్త నాగవంశీ అద్దకం పనివాడు. ఆడపిల్ల పుట్టింది, కాస్త బరువు తక్కువ. అదే వార్డులో మూలమంచం మీదున్నావిడకి ఆపరేషను కుట్లు చీము పట్టాయి. రాజమ్మ ఆమెకి కట్టు మారుస్తుండగా ఇటు పసిది గుక్కపట్టి ఏడ్చింది. దుర్గ నీరసంగా పడి ఉంది. రాజమ్మకి పిల్లలు ఏడిస్తే ప్రాణం ఒప్పదు. దారిలో ఒకటి రెండు మంచాల దుప్పట్లు సర్దుకుంటూనే పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకుంది, పొత్తిగుడ్డ మార్చింది. బొడ్డు పక్కనా, ఆ పొత్తిగుడ్డ మీదా పువ్వు పడింది.

"చూశావా, అడక్కుండానే వేసింది!" అని దుర్గ అత్తగారు సీతామహాలక్ష్మి పొంగిపోయింది.

ఆ పువ్వు వెలిసిపోకముందే బిడ్డకి జ్వరం వచ్చింది. బొడ్డు చుట్టూ ఎర్రబడింది, పాలు మానేసింది. జీవానందంగారు మందులు మొదలుపెట్టి, ఇక్కడ లాభం లేదని బందరు పెద్దాస్పత్రికి పంపించారు. ఆ గాభరాలో పొత్తిగుడ్డ ఇక్కడే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం కాస్త ఎండ కాసింది. వీరాంజనేయులు దుప్పట్లు ఆరేశాడు. మంచాల వరసలోనే ఆరేయడం అతనికి అలవాటు, మళ్ళీ పరిచేటప్పుడు తికమక ఉండదని. భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన రాజమ్మ ఆ తాడు వంక చూసి అక్కడే నిలబడిపోయింది.

మూలమంచం దుప్పటి మీద మొదలైన తీగ పక్క దుప్పటి మీదికి పాకింది. అక్కడొక పువ్వు. అక్కణ్ణుంచి ఇంకో దుప్పటి, ఇంకో పువ్వు. ఎక్కడా తెగకుండా తాడు పొడుగునా సాగి, చివర వేలాడుతున్న చిన్న పొత్తిగుడ్డ దగ్గర ఆగింది. ప్రతి పువ్వుకీ ఒక రేకు తక్కువ. ఇన్నేళ్ళూ విడివిడిగా చూసి మురిసిపోయిన పువ్వులు అలా ఒకే తీగకి కనపడ్డాయి. దేవుడా ఆ బిడ్డను బతికించమని అక్కడే చేతులు జోడించింది. జోడించిన చేతుల వంక చూసుకుంటే ఆమెకే భయం వేసింది.

బిడ్డ బతకలేదు. నాగవంశీ ఒక్కడే వచ్చాడు. "ఆ పొత్తిగుడ్డ ఉంటే ఇచ్చెయ్యండక్కా. దుర్గ ఒకటే అడుగుతోంది. మీ చేతి పువ్వొక్కటే మిగిలిందంట" అన్నాడు. రాజమ్మ గుడ్డ మడతపెట్టి ఇచ్చింది.

అతను వెళ్ళాక శ్రీలేఖ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ రోజు తాడు మీది దుప్పట్లు తనూ చూసింది. అయినా ఎందుకు కడుక్కోలేదని అడగలేదు.

"కడుక్కోవడానికి ఏం అడ్డమొస్తోంది అక్కా?" అంది.

రాజమ్మ అరచేతులు చాపి చూపించింది. వేళ్ళ సందుల్లో ఎండిన నెత్తురు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగని మాట ఈ పిల్ల అడిగేసరికి ఆమెకి ఏడుపు ఆగలేదు.

శ్రీలేఖ బేసిన్ చుట్టూ తిరగడం మాని మంచాల దగ్గరికే వచ్చింది. స్పిరిట్లో గ్లిజరిను కలిపించి, మంచానికో సీసా కట్టించింది. అరచేతి నిండా పోసుకుని, చేతులు ఆరేదాకా రుద్దుకోవాలి. కంటికి కనపడే మురికి ఉంటేనే సబ్బు. మొదట్లో అందరూ మర్చిపోయేవాళ్ళు, గుర్తు చేస్తే విసుక్కునేవాళ్ళు. ఏ మంచం మీదైనా పువ్వు పడితే శ్రీలేఖ అక్కడ నిలబడి "ఎక్కడ ఇబ్బంది వచ్చింది?" అని అడిగేది. మెల్లగా పువ్వులు తగ్గాయి, పిల్లల జ్వరాలూ తగ్గాయి. వీరాంజనేయులు తిట్లకి కారణం దొరక్క అవస్థ పడ్డాడు. రాజమ్మ హస్తవాసి పోయిందని ఊళ్ళో అనుకున్నారు. ఆటోల్లోంచి కేకలు వినపడటం మానేశాయి. అది ఆమెకి నొప్పిగానే ఉండేది.

మరుసటి ఏడు లక్ష్మీదుర్గ మళ్ళీ వచ్చింది. మగపిల్లాడు, వీడూ సన్నగానే ఉన్నాడు. రాజమ్మ చేతులు రుద్దుకుని, ఒళ్ళు తుడిచి, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టింది. సీతామహాలక్ష్మి మనవణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"పువ్వేది రాజమ్మా?"

"చేతులు శుభ్రం చేసుకున్నానండి పిన్నిగారూ. ఇక పడదు."

"అదేం మాట! ఒక్కసారి రుద్దుకోకుండా ముట్టుకో. నీ చేతి కోసమేగా బందరు తీసుకెళ్ళకుండా ఇక్కడికి తెచ్చాం."

"వద్దండీ. వెయ్యను."

"ఏం, మొదటి బిడ్డకి వేశావుగా!"

దుర్గ సంచిలోంచి పాత పొత్తిగుడ్డ తీసి పట్టుకుని ఉంది, ఈ బిడ్డ కింద పరుద్దామని. ఆమె ఆ పువ్వు వంక, ఏ మచ్చా లేని కొడుకు పొట్ట వంక మార్చి మార్చి చూసింది.

"ఆ రోజు చేతులు కడుక్కోలేదా అక్కా?" అంది.

ఎన్నయినా చెప్పొచ్చు. బేసిన్ దూరం, కరెంటు లేదు, చేతులు పగిలాయి, బిడ్డ ఏడ్చింది. అన్నీ నిజాలే.

"లేదమ్మా" అంది రాజమ్మ. "మూలమంచం ఆవిడకి కట్టు మార్చి, అలాగే వచ్చి ఎత్తుకున్నాను."

దుర్గ పువ్వు మీద, రేకు లేని చోట వేలు పెట్టింది. కన్నీళ్ళు గుడ్డ మీద పడుతున్నాయి. తర్వాత దాన్ని మడిచి మళ్ళీ సంచిలో పెట్టేసింది.

అప్పుడే పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. రాజమ్మ చేతులు అలవాటుకొద్దీ ముందుకొచ్చి, మధ్యలో ఆగిపోయాయి.

"ఎత్తుకోండి" అంది దుర్గ. ఆమె గొంతులో కోపం దాగలేదు. "ముందు చేతులు రుద్దుకోండి. నేను చూస్తాను."

రాజమ్మ మంచానికి కట్టిన సీసా అందుకుంది. అరచేతులు, వేళ్ళ సందులు, తెగిన వేలి కొస, అన్నీ రుద్దుకుంది. పాత పగుళ్ళు భగ్గుమన్నాయి. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నా ఇద్దరూ కదల్లేదు. చేతులు ఆరాక దుర్గ బిడ్డను అందించింది. రాజమ్మ ఎత్తుకుని వీపు నిమిరింది. వాడి ఒంటి మీద ఏమీ పడలేదు.

పక్కమంచం ఆవిడ లేచి కూర్చుంది. "సిస్టరుగారూ, మా పాప దగ్గరికొచ్చేటప్పుడు నేనూ చూస్తానండీ" అంది.

"చూడమ్మా" అంది రాజమ్మ. బిడ్డను తల్లికి ఇచ్చి మళ్ళీ సీసా అందుకుంది.

మంచి రోజు చూసుకుని, దుర్గ కొడుకు తెల్లటి పొత్తిగుడ్డలో పాల కోసం ఏడుస్తూ ఇంటికి వెళ్ళాడు.