పదకొండో భాగానికి ఒక్క స్టారు

మా ఆయన నాచారంలో కంపెనీకి బయల్దేరగానే నేను చేసే మొదటి పని, గిన్నెలు సింకులో పడేసి ఫోన్ తీయడం. కథలు పెట్టుకునే యాప్‌లో నా సీరియల్ 'కింది వాటా' నడుస్తోంది. అద్దెకున్నవాళ్లు తలంటుకునే వేళ చూసి మరీ మోటారు కట్టేసే ఒక ఇంటి ఓనరు కథ. చిల్కానగర్‌లో మేముండేది పై వాటా, కింద ఓనరు వెంకటనర్సమ్మ గారు. ఇంక చెప్పాలా?

మెచ్చుకునేవాళ్లకేం లోటు లేదు. "అద్భుతం ఉదయశ్రీ గారూ, వీలైతే నా కథ కూడా చదవండి." అందరూ రచయితలే, అన్నీ అయిదు స్టార్లే. నేనూ "ధన్యవాదాలు, తప్పకుండా చదువుతాను" అని జవాబిచ్చి, వాళ్ల కథ కింద ఏదో ఒక మంచి మాట రాసి, అయిదు కొట్టేసి వస్తాను. కానీ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిజంగా చదివితే చాలని ప్రాణం కొట్టుకుపోయేది.

మొన్న తొందరలో పదకొండో భాగం బదులు పదో భాగమే మళ్లీ పెట్టేశాను. చూసుకునేసరికి కింద బోలెడు పొగడ్తలు. "కథ ఊహించని మలుపు తిరిగింది" అని రాసిందో మహాతల్లి, పేరు సూర్యకళ. ఏం మలుపు తల్లీ, నిన్నటిదేగా. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

అట్టడుగున ఒక్క స్టారుతో ఇంకో అభిప్రాయం ఉంది. "ఇది నిన్ననే సదివిన. మల్ల గదే పెట్టినవేంది? ఆమె మోటరు బంద్ జేస్తదని రాస్తివి గని, ట్యాంకు నిండి నీళ్లు రోడ్డు మీదికి పోతుంటే ఎవలు సూడాలె?"

ఎగిరి గంతేశాను. నన్ను చదివే మనిషి దొరికింది. అప్పుడు చూశాను పేరు. వెంకటనర్సమ్మ. ఫొటోలో మా గేటు.

ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని హడలిపోతూ మెట్లు దిగాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఆంటీ, అది మీ గురించి కాదండీ."

"నా గురించే. గది గాదు గని, పదకొండోది ఏది?"

"సాయంత్రం పెడతానండీ. ఆవిడని కాస్త మంచిదాన్ని చేస్తాను."

"వద్దు. మంచిదైతే ఎవలు సదువుతరు? గట్లనే ఉండనియ్యి."

కాస్త ధైర్యం వచ్చింది. "మరి ఒక్క స్టారే ఇచ్చారేం?"

"అయిదిస్తే నువ్వు సదవవు గద బిడ్డా. గా అయిదిచ్చినోళ్లకు ఏం జవాబిచ్చినవో సూసిన. అందరికి ఒక్కటే మాట."

ఆవిడ పక్కన కూర్చుని సగం చిక్కుడుకాయలు నా ముందుకు లాక్కున్నాను.

పైకొచ్చి అసలు పదకొండో భాగం పెట్టాను. తర్వాత, ఏమనిపించిందో, ఆ సూర్యకళ కథ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను. బాగానే రాస్తోంది. నాలుగో భాగం తెరిస్తే మళ్లీ మూడో భాగమే ఉంది. పాపం, తనూ నాలాగే తొందరపడినట్టుంది.

ఒక్కరూ చెప్పలేదేమిటా అని కిందికి చూశాను. అన్నిటికన్నా పైన, అయిదు స్టార్లతో, నా పేరు. "కథ చక్కగా ముందుకు సాగుతోందండీ."