సైన్యం కాని సైన్యంలో

వ్యాన్ వెనకున్న వీల్‌చెయిర్ లిఫ్టు పూర్తిగా దిగి నేలను తాకేదాకా ఏసుపాదం మీట మీంచి వేలు తీయలేదు. తర్వాత పైకి. మళ్ళీ కిందికి. పొద్దున ఐదుంబావుకి, మొదటి పేషెంటును ఎక్కించుకోకముందే ఇలా రెండుసార్లు చూసుకోమని కంపెనీ చెప్పలేదు. పదిహేడేళ్ళు మిలిటరీలో లారీ తోలినవాడికి బండి మీద నమ్మకం ఉండదు. నాలుగు టైర్లనూ బూటుతో తన్ని చూశాడు. వీల్‌చెయిర్‌ను బిగించే పట్టీలను ఒక్కొక్కటే లాగి చూశాడు. అప్పుడు కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీదే భారం" అనుకుని తాళం తిప్పాడు.

పొట్టి మనిషి. మెడ కురచ, మణికట్లు లావు. అరవై ఒకటి దాటినా వీపు నిటారుగానే ఉంది. నర్సుగా పనిచేసే కూతురు ఫెబీ ఐదేళ్ళ కిందట అతన్నీ, భార్య ప్రేమజ్యోతినీ అమెరికాలోని శాన్ రామన్‌కు తెచ్చుకుంది. మనవరాలు స్కూలుకి వెళ్ళాక ఇంట్లో చేసే పని లేక అతనికి పిచ్చెక్కినట్టయ్యేది. చీరాలలో అందరూ అతన్ని "మిలిటరీ ఏసుపాదం" అనేవాళ్ళు. ఇక్కడ ఆ పేరూ లేదు. వ్యాన్ నడిపే ఉద్యోగం దొరికాకే అతనికి రాత్రిళ్ళు నిద్ర పట్టింది. డయాలసిస్ పేషెంట్లను సెంటర్‌కి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి దగ్గర దింపటం. అంతే పని.

మంగళ, గురు, శనివారాల్లో మొదటి పేషెంటు మోరితా గారు. జపాన్ ఆయన. డెబ్భై రెండేళ్ళుంటాయి. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. ఏసుపాదం ఏ రోజు వెళ్ళినా అపార్ట్‌మెంట్ గేటు బయట, వీల్‌చెయిర్‌లో, షర్టు పైగుండీ దాకా పెట్టుకుని సిద్ధంగా ఉండేవారు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అందుకే ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది. రెండేళ్ళుగా వాళ్ళ మాటలన్నీ బళ్ళ గురించే. బురదలో దిగబడిన లారీని ఎలా తీయాలి, లోయ దిగేటప్పుడు ఏ గేరు వెయ్యాలి. తనూ గవర్నమెంటు ట్రక్కు తోలానని మోరితా గారు మొదట్లోనే చెప్పారు.

ఆ మంగళవారం వ్యాన్ బోలింజర్ కాన్యన్ రోడ్డెక్కాక ఆయన అన్నారు: "నేను తోలిన ట్రక్కు మిలిటరీది."

ఏసుపాదం అద్దంలోకి చూశాడు. "మీరూ ఆర్మీనా సార్? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఆర్మీ కాదు. మా దేశానికి ఆర్మీ ఉండకూడదు. రాజ్యాంగంలో రాసుకున్నాం."

కొండల మీద గడ్డి అప్పుడప్పుడే పచ్చబడుతోంది. ఆయన నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ చెప్పారు. ఓడిపోయిన యుద్ధం తర్వాత, ఇక ఎన్నటికీ యుద్ధం చెయ్యబోమనీ, భూసైన్యం గానీ నౌకాదళం గానీ విమానదళం గానీ ఉంచుకోబోమనీ రాసుకున్నారు. యుద్ధంలో ఇద్దరు అన్నల్ని పోగొట్టుకున్న ఆయన తండ్రి, ఆ వాక్యాలను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించాడు. కొన్నేళ్ళకి ప్రభుత్వం ఆత్మరక్షణ దళం పెట్టింది. తుపాకులున్నాయి, ట్యాంకులున్నాయి, యూనిఫారం ఉంది. సైన్యం అన్న పేరే లేదు. ఊళ్ళో వేరే పని దొరక్క మోరితా గారు అందులో డ్రైవరుగా చేరితే, తండ్రి ఆరేళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

"సైన్యం కాదన్నారు. మరి నేనెవర్ని? ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఇప్పటికీ తెలీదు."

ఫ్రీవే మీద కార్లు అప్పుడే బారులు తీరుతున్నాయి. ఏసుపాదం కుడివైపు లేన్‌లోకి జరిగి వేగం తగ్గించాడు.

"తొంభై మూడులో ఐక్యరాజ్యసమితి తరఫున కంబోడియా వెళ్ళాం. రోడ్లు బాగుచెయ్యటానికి. తుపాకీ ఇచ్చారు. నా ప్రాణం మీదికొస్తే, నా పక్కనున్న మనిషి ప్రాణం మీదికొస్తే, అప్పుడే పేల్చాలి. ఒకరోజు మూడు కిలోమీటర్ల అవతల కాల్పులు వినిపించాయి. రేడియోలో ఒకడు ఇంగ్లీషులో పిలుస్తున్నాడు. ఎలక్షన్ పనికొచ్చిన వాళ్ళ జీపు. హెల్ప్, హెల్ప్ అని. మా ఆఫీసరు రూల్సు పుస్తకం తీశాడు. వాళ్ళు మా పక్కన లేరు కదా. నలభై నిమిషాలు మేం బాగుచేస్తున్న కల్వర్టు దగ్గర ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. తర్వాత రేడియో ఆగిపోయింది."

కాసేపటికి మళ్ళీ అన్నారు: "మీరు నిజమైన సోల్జరు. మీరైతే ఏం చేసేవాళ్ళు?"

"వెళ్ళేవాళ్ళం సార్," ఏసుపాదం వెంటనే అన్నాడు. "పిలిస్తే వెళ్ళటమే."

అద్దంలో మోరితా గారి తల కిందికీ పైకీ ఊగింది. తీర్పు ముందే తెలిసినవాడు కోర్టులో తలూపినట్టుగా.

ఆయన్ని సెంటర్‌లో అప్పగించి ఏసుపాదం మరో ఇద్దర్ని తెచ్చి దింపాడు. తొమ్మిదిన్నరకి పార్కింగ్ లాట్‌లో బండి ఆపి టిఫిన్ డబ్బా తెరిచాడు. గోంగూర పచ్చడి, పెరుగన్నం. ఒక ముద్ద కలిపి, మళ్ళీ మూత పెట్టేశాడు. తను అన్న మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది. అంత గట్టిగా, అంత తేలిగ్గా.

ఫోన్ మోగింది.

"ఏవండీ, తిన్నారా?" ప్రేమజ్యోతి.

"తింటన్నా."

"గొంతేంటి అట్టా ఉంది? జలుబు చేసిందా? ఆదివారం చర్చిలో మీరే ప్రేయర్ చెయ్యాలంట, పాస్టరు గారు మెసేజ్ పెట్టారు."

"ఈసారికి వద్దని చెప్పు."

"ఎందుకని?"

తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేశాడు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఇలాంటి ప్రశ్నలు ఆమె ఎన్నోసార్లు అడిగింది. తాడిచెట్లున్న దారిలో నడవరేంటి అని. కలలో ఎవర్ని పిలుస్తారు అని.

పదిన్నరకి మోరితా గారిని వెనక్కి తీసుకొచ్చేటప్పుడు ఆయన ముఖం సున్నం రంగులో ఉంది. కళ్ళు మూసుకున్నారు. ఏసుపాదం ఫ్రీవే ఎక్కలేదు. లోపలి రోడ్డు పట్టుకుని, ఒక చర్చి వెనక చెట్ల కింద బండి ఆపాడు. సీట్లో వెనక్కి తిరిగాడు.

"సార్, పొద్దున నేను చెప్పింది సగమే."

ఆయన కళ్ళు తెరిచారు.

"ఎనభై ఎనిమిదిలో శాంతి దళంతో శ్రీలంక వెళ్ళాను. ఇరవై నాలుగేళ్ళు నాకు. ముందు పోతున్న లారీ కింద మైన్ పేలింది. అందులో ఉన్నోడు బ్యారక్‌లో నా పక్క మంచం వాడు. నేను దూకి రైఫిల్ తీశాను. పక్కన తాడితోపు. చెట్టు మీద ఏదో కదిలింది. కాల్చాను. కల్లు గీసేవాడు సార్. నడుముకి ముంత ఉంది. మా ఊరు నిండా తాడిచెట్లే. పొద్దున పూట చెట్టు మీద మనిషున్నాడంటే ఎందుకున్నాడో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ కాల్చాను."

బయట ఎవరో ఆకులు ఊడ్చే మిషన్ నడుపుతున్నారు. ఆ మోత దగ్గరికొచ్చి, దూరమైపోయింది.

"ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడక్కూడా."

"ఆయన పేరు?" మోరితా గారు అడిగారు.

"తెలీదు."

"నాకూ తెలీదు. ఆ జీపులో ఎవరున్నారో." ఆయన చాలాసేపు తన చేతుల్ని చూసుకున్నారు. సూదులు గుచ్చిన చోట చర్మం నల్లగా ఉబ్బి ఉంది. "నేను వెళ్ళుంటే ఆ రోజు నేనూ కాల్చేవాణ్ణి. ఎవర్నో తెలీదు. మా నాన్న చివర్లో నాతో మాట్లాడాడు. నీ తుపాకీ పేలకపోవటమే నాకు చాలు అన్నాడు. నాకు కోపం వచ్చింది. జీపు సంగతి ఆయనకి చెప్పలేదు."

"చెప్పుంటే?"

"ఏమో. ఏడ్చేవాడు. వాళ్ళ కోసం, నా కోసం."

ఏసుపాదం బండి తీశాడు. గేటు దగ్గర లిఫ్టు దించి, వీల్‌చెయిర్ పట్టీలు విప్పుతుంటే మోరితా గారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"గురువారం రావద్దు."

"ఊరెళ్తున్నారా సార్?"

"లేదు. డాక్టరుకి చెప్పేశాను, డయాలసిస్ ఇక చాలని. మా అమ్మాయి ఒప్పుకుంది. ఏడ్చింది, ఒప్పుకుంది." ఆయన కొంచెం నవ్వారు. "మీ ఆవిడకి చెప్పండి. నాకు టైము లేదు. మీకుంది."

ఏసుపాదం వంగి వీల్‌చెయిర్ బ్రేకు విప్పాడు. వీల్‌చెయిర్‌ను తలుపు దాకా తోశాడు. ఆయన కూతురు తలుపు తీసింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. మోరితా గారు కూర్చునే నడుము వంచి తల దించారు. అతనూ వంగాడు, ఎంత వంగాలో తెలియక.

బండిలోకొచ్చి కూర్చున్నాక ఇంటికి ఫోన్ చేశాడు.

"జ్యోతీ, సాయంత్రం ఫెబీ వాళ్ళు వచ్చేలోపు నీతో ఒక మాట చెప్పాలి."

"ఏంటండీ? ఉద్యోగం పోయిందా?"

"పోలా. నా మిలిటరీ సంగతి."

అవతల కుక్కరు కూత వినిపించింది. ఆమె స్టవ్వు ఆపేసినట్టుంది. "రండి," అంది. "ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉంటా."

గురువారం నాటి ట్రిప్పుల లిస్టులో మొదటి పేరు మారిపోయింది. పదకొండో రోజున, పొద్దున నిద్రలోనే నాన్న వెళ్ళిపోయారని మోరితా గారి కూతురు మెసేజ్ పెట్టింది. బండిలో ఉండిపోయిన దుప్పటి మీ దగ్గరే ఉంచుకోండి అని కింద మరో వాక్యం.

డయాలసిస్ అయ్యాక చలికి మోకాళ్ళ మీద కప్పుకునే బూడిదరంగు ఉన్ని దుప్పటి అది. ఆ చివరి మంగళవారం మోరితా గారే ఒళ్ళో పెట్టుకుని మడిచి పక్క సీటు మీద ఉంచారు. అంచుకి అంచు కలిపి, మూలలు గీత గీసినట్టు తీర్చి, బ్యారక్‌లో తెల్లవారుజామున తనిఖీకి మడిచినట్టే ఉంది.