కుర్చీ మీద గొడుగు

రెండు బస్సులు మారి, వానలో తడిసి ముద్దయి, ఆవిడ యూనివర్సిటీ లైబ్రరీకి చేరేసరికి పది దాటింది. నలభయ్యో పడిలో డిగ్రీకి చేరిన మనిషి. నిన్న బస్సులో గొడుగు పారేసుకున్నానని చెప్పి పొద్దున్నే కూతురి చేత చివాట్లు కూడా తిన్నది.

హాలు కిటకిటలాడుతోంది. వేలమంది చదివే ఆ చోట హాస్టల్ అన్నది లేదు, అందరూ పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లే. అందుకే కుర్చీ మీద ఏ వస్తువు పెట్టినా ఆ కుర్చీ వాళ్లదేనన్నది అక్కడి కట్టుబాటు. ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీలో నల్ల గొడుగు దర్జాగా పడుకుని ఉంది.

ఒంటిగంటకు పరీక్ష. ఆవిడ కాలుగాలిన పిల్లిలా నాలుగంతస్తులూ తిరిగింది. ఎన్నిసార్లు తిరిగొచ్చినా గొడుగు కదల్లేదు.

"ఎవరిదో గానీ, సిగ్గుండక్కర్లా!" అని పైకే తిట్టింది.

పన్నెండింటికి ఇక ఉండబట్టలేక లైబ్రేరియన్‌ని వెంటబెట్టుకొచ్చింది. "చూడండి సార్, రెండు గంటల నుంచీ ఇదే వరస!"

"రెండు గంటలేంటమ్మా, నిన్న సాయంత్రం నుంచీ ఉంది. ఎవరో బస్సు కోసం పరిగెత్తి మర్చిపోయుంటారు. పాపం, పిల్లలెవరూ ముట్టుకోలేదు," అంటూ ఆయన దాన్ని తీసి ఆవిడ చేతికిచ్చాడు.

ఇంతసేపూ గోడవైపు తిరిగి ఉన్న పిడికి ఎర్ర రిబ్బను. అమ్మ మళ్లీ పారేసుకోకుండా కూతురు కట్టిన రిబ్బను.

"ఎవరిదో తెలుసా అమ్మా?"

"ఎవరో బుద్ధిలేని మనిషిదండీ," అంది ఆవిడ, గొడుగు చంకలో పెట్టుకుని కూర్చుంటూ.