ఏం తిన్నవే జమునా

బాలింత చన్నీళ్ళు ముట్టకూడదన్న నియమం కనకవ్వ ఇంట్లో చాలా గట్టిది. అయితే పసిగుడ్డు గుడ్డలు ఉతికేటప్పుడు మాత్రం ఆ నియమం ఎవరికీ గుర్తుకు రాదు. అందుకే కాన్పయిన మూడోనాటి పొద్దున జమున, గోదావరిఖనిలో తమ కంపెనీ క్వార్టరు వెనక నల్లా దగ్గర కూర్చుని, పాప కక్కిన గుడ్డను సబ్బు పెట్టి రుద్దుతోంది. కక్కింది తెల్లటి పాలు కాదు. మరక ఆకుపసరులా పచ్చగా ఉంది.

"ఏం తిన్నవే జమునా?" అంది వెనక నుంచి అత్త కనకవ్వ.

నొప్పులొచ్చిన రోజు మధ్యాహ్నం పక్కింటి సారక్క గిన్నెడు పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, పంపింది. నోటికి పుల్లగా తగిలేసరికి జమున నాలుగు ముద్దలు ఎక్కువే తిన్నది. ఆ మాట ఒప్పుకోగానే తీర్పు అయిపోయింది. తల్లి పుంటికూర తిన్నది, పిల్ల పచ్చగా కక్కింది, ఇక సాక్ష్యాలెందుకు? ఆ పూట నుంచి ఆమెకు ఎల్లిపాయ కారం, నాలుగు మెతుకులు తప్ప ఏమీ దొరకలేదు. భర్త కిషన్ గనిలో బొగ్గు మోసే బెల్టు దగ్గర పనిచేస్తాడు. షిఫ్టు దిగివచ్చి సంగతి విని, జర నోరు కట్టుకోకపోయినవా అన్నాడు. గట్టిగా అనలేదు, మెల్లగానే అన్నాడు. పెళ్ళయిన మూడేళ్ళుగా అందరూ మెచ్చుకునే అతని మంచితనం ఆ మెల్లగా అనడమే.

విచిత్రమేమిటంటే, జమున కూడా నమ్మింది. బళ్ళో ఎనిమిదో తరగతికి జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి, పేగులకు రంగులు వేయించే సైన్సు టీచరు ఆమె. అయినా ఆ రోజంతా పాపను ఒళ్ళో పెట్టుకుని తొమ్మిది నెలల తిండిని నెమరేసుకుంటూ కూర్చుంది. మంచిర్యాల పెళ్ళిలో తిన్న ఐస్‌క్రీం, స్టాఫ్‌రూంలో ఉప్పూకారం అద్దుకున్న మామిడి ముక్క, ఎవరికీ చెప్పకుండా తిన్న మిర్చీబజ్జీలు, అన్నీ వరసగా వచ్చి ఎదుట నిలబడ్డాయి. పాప చనుబాలు రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకుంటే, నా పాలే దీనికి విషమయ్యాయా అని ఏడ్చింది. ఆడదానికి తన మీద తాను నేరం మోపుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు, చిన్నప్పటి నుంచి ఇంట్లో చూస్తూనే పెరుగుతుంది.

నాలుగోనాడు మళ్ళీ గుడ్డలు ఉతుకుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. కక్కిన గుడ్డలు ఉతుకుతోంది, ఉచ్చగుడ్డలు ఉతుకుతోంది. పుట్టిన పిల్ల మొదట పోయే ఆ నల్లటి జిగట దొడ్డి మరక ఒక్క గుడ్డకూ లేదు. ఇంట్లో ఇంతమంది పాపను ఎత్తుకుంటున్నారు, ముద్దులాడుతున్నారు, ఎవరి పోలికో తేలుస్తున్నారు. ఆ సంగతి మాత్రం ఉతికే మనిషికే తెలిసింది. తడిచేతులతోనే లోపలికి పరుగెత్తి పాప చొక్కా ఎత్తి చూసింది. పొట్ట ఉబ్బి, బిర్రుగా మెరుస్తోంది.

తమలపాకుకు ఆముదం రాసి వెచ్చజేసి పొట్టమీద వేద్దామని, రెండు చుక్కలు నోట్లో కూడా పోద్దామని కనకవ్వ ఆముదం సీసా తీసింది. కిషన్ డ్యూటీలో ఉన్నాడు. జమున అత్తకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"వద్దత్తమ్మా. పుట్టినకాడి నుంచి దొడ్డికే పోలేదు. నేను దవాఖానకు పోతున్న."

సారక్కను తోడు తీసుకుని ఆటో ఎక్కింది. కంపెనీ దవాఖానలో డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి చూసి, అరగంటలో హైదరాబాదులోని పిల్లల దవాఖానకు తీసుకుపొమ్మని ఉత్తరం రాసిచ్చాడు. కబురు అందిన కిషన్ మొహాన బొగ్గు కూడా కడుక్కోకుండా వచ్చి అంబులెన్స్ ఎక్కాడు. వెనకే కనకవ్వ కూడా ఎక్కింది.

హైదరాబాదులో పాప ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, కడుపులోని పచ్చటి నీళ్ళు బయటికి తీశారు. చేతికి సెలైన్ పెట్టారు. ఎక్స్‌రేలు తీశారు, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పాలివ్వడానికి లేదు. జమున రొమ్ములు రాళ్ళలా గట్టిపడి సలుపుతుంటే, బాత్రూంలో నిలబడి పాలు పిండి పారబోసింది.

పరీక్ష ఫలితం వచ్చాక పిల్లల సర్జన్ సంధ్యారాణి ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. పెద్దపేగు చివర కొంతమేర నరాలు ఏర్పడలేదు. అక్కడ పేగు కదలదు కనుక అంతా వెనకే ఆగిపోయింది. ముందు బెల్టు ఆగితే వెనక బొగ్గు కుప్పపడ్డట్టా అని కిషన్ అడిగితే, అచ్చం అట్లాగే అంది. ఇప్పుడు ఆపరేషన్ చేసి బాగున్న పేగును పొట్ట మీదికి తెస్తారు, మలం సంచీలోకి వస్తుంది. కొన్ని నెలలయ్యాక పాడైన భాగం తీసేసి, మంచి పేగును కిందికి కలిపి, పొట్ట మీది దారి మూసేస్తారు. సమయానికి తెచ్చారు, పాప బతుకుతుంది అంది.

"ఇంకోమాట. తల్లి తిన్నదానికీ దీనికీ ఏ సంబంధం లేదు."

గోడకు ఆనుకుని కూర్చున్న కనకవ్వ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"డాక్టరమ్మా, ముప్పై మూడేండ్ల కింద నా పెద్దకొడుకు గిట్లనే పచ్చగ కక్కి ఐదోదినం పోయిండు. చింతకాయ తొక్కు తిని నువ్వే సంపుకున్నవన్నది మా అత్త. మరి అది గూడ నాది తప్పు కాదా?"

తనకు ముందు ఒక అన్న పుట్టాడని కిషన్‌కు అప్పటిదాకా తెలియదు. ఆ బాబుకు ఏ జబ్బో ఇప్పుడు చెప్పలేనని, తొక్కు వల్ల మాత్రం కాదని డాక్టరమ్మ చెప్పింది. కనకవ్వ ఏడవలేదు, పక్కనున్న జమున చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. జమునకు ఆ క్షణాన అత్త మీద కోపమంతా కరిగి, కన్నీళ్ళు ఆగలేదు. ఇద్దరు ఆడవాళ్ళు, రెండు తరాలు. వాళ్ళ మొగుళ్ళు ఏం తిన్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడోనాడు సంచీలోకి మలం వచ్చిందని నర్సు చెబితే, ముగ్గురూ పండగ చేసుకున్నంత పని చేశారు. పాప పొట్ట మెత్తబడింది. గొట్టం తీశాక జమున పాలు చెంచాతో పోస్తే చప్పరించి తాగింది.

ఇంటికి పంపే ముందు సంచీ మార్చడం, చుట్టూ తుడవడం నేర్పుతానంటూ నర్సు వచ్చి తల్లిని రమ్మంది. కిషన్ అలవాటుగా జరిగి దారి ఇచ్చాడు. జమున లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"సిస్టర్, ముందుగాల వాళ్ళ నాయనకు నేర్పుండ్రి."

కిషన్ తన మొరటు చేతుల వంక చూసుకున్నాడు, తల్లి వంక చూశాడు. కనకవ్వ కూడా జరిగి అతనికే దారి ఇచ్చింది.

"నాకెట్లొస్తది జమునా, నా చేతులు వణుకుతున్నయ్" అన్నాడు మెల్లగా.

"నాయి గూడ వణుకుతున్నయ్. పో, చేతులు కడుక్కొని రా."