మూడో చరణం

నేను పాడితే అత్తగారు రెండోసారి పోయినట్టేనేమో! ఈ ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో తలా ఒక చరణం పాడతారు. మూడోది ఆవిడది. ఆవిడ పోయాక కూడా మామగారు ఆ చరణం హార్మోనియం మీద వాయిస్తూనే ఉన్నారు; ఎవరూ గొంతు కలపరు. అప్పుడు గది ఒళ్లంతా చెవులు చేసుకున్నట్టుంటుంది. దేవుడు వింటాడని చిన్నప్పటి నుంచి చదువుతున్నా, ఆ మౌనంలోనే నమ్మాను.

“వదినా, గొంతు దాచుకుంటే వడ్డీ రాదు,” అంది ఆడపడుచు.

“నువ్వూరుకోవే,” అని మామగారు పాటల పుస్తకం నా వైపు తిప్పారు. “ఇక ఇది నీదేనమ్మా.”

హార్మోనియం మూడో చరణానికి వచ్చింది. అందరూ తలలు వంచారు. ఊపిరి పీల్చుకుని, మొదటి మాట పాడాను.