ముందుండాల్సిన కాలు

మంచుకొండల ఊరు షెంషక్‌లో, జనాన్ని కొండ మీదికి చేర్చే లిఫ్టు కింద నాకొక కొట్టుంది. మంచు మీద జారే బోర్డులకు బైండింగులు, అంటే బూట్లను పట్టి ఉంచే పట్టీలు, బిగించడం ముప్పై ఏళ్లుగా నా పని.

ఎవరికి ఏ కాలు ముందుండాలో తెలియాలంటే మనిషిని అటు తిప్పి నిలబెట్టి, చెప్పకుండా వెనక నుంచి తోస్తాం. పడకుండా ఏ కాలు ముందుకేస్తే అదే ముందు కాలు.

తర్లాన్ అనే అమ్మాయి కొత్త బోర్డు తెచ్చిన రోజు ఆమె అన్న బర్దియా కూడా వచ్చాడు. ముందు వాణ్ణి తోశాను. ఎడమ కాలు పడింది.

"మెల్లగా బాబాయ్! నేనేమన్నా గాడిదనా?"

"గాడిదైతే తోసినా కదలదు అన్నయ్యా, నువ్వు కదిలావుగా" అంది తర్లాన్. "ఇప్పుడు నన్ను తొయ్యి బాబాయ్."

పరాయి ఆడపిల్ల మీద చెయ్యెలా వేస్తాను? కొట్టు నిండా జనం.

"అక్కర్లేదమ్మా. ఒక తల్లి పిల్లలు, కాళ్లూ ఒకటే" అని ఎడమ కాలు ముందుకు బిగించాను.

పదిహేను రోజుల్లో అమ్మాయిల జట్టుకు ఎంపిక. పై ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది.

మూడో రోజుకే వచ్చింది. "వెనక మోకాలు లాగేస్తోంది బాబాయ్. ఎవరి చెప్పుల్లోనో నడుస్తున్నట్టుంది."

రెండు పాదాల మధ్య ఎడం తగ్గించాను. ముందు పాదం కాస్త బయటికి తిప్పాను. మళ్లీ వచ్చింది, మళ్లీ తిప్పాను. కాలే మార్చాలని తోచలేదు. "అలవాటవుతుందిలే" అన్నాను.

ఎంపిక రోజు మూడో మలుపులో ఒరిగింది. లేచి మళ్లీ పడింది. జాబితాలో పేరు రాలేదు. సాయంత్రం నా కొట్టుకు వచ్చింది.

"నీ తప్పేం లేదు బాబాయ్. నాకే నిలకడ లేదు" అని చెప్పి బయటికెళ్లింది. గడ్డకట్టిన ముంగిట్లో నాలుగడుగులు పరుగెత్తి బూట్ల మీదే సర్రున జారింది. కుడి కాలు ముందు. గేటు దాకా తొణకలేదు.

చూశాను. పిలవాల్సింది. పిలవలేదు. వాళ్ల కారు వెళ్లిపోయింది.

మరుసటి చలికాలం బర్దియా ఒక్కడే వచ్చాడు.

"చెల్లెలేదిరా?"

"మానేసింది బాబాయ్. బోర్డు కూడా ఎవరికో ఇచ్చేసింది. తన కాళ్లు ఇందుకు పనికిరావంట."

అప్పుడు చెప్పాను. కుడి కాలు ముందుండాల్సిందని, ఆ రోజు ఆమెను తొయ్యమని అన్నగా వాడికే చెప్పినా సరిపోయేదని.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఎంపిక రోజే."

వాడు కట్టుకుంటున్న బూటు తాడు వదిలేశాడు. "ఏడాదంతా ఇంట్లో దాన్ని ఏడిపించాం బాబాయ్, నిలబడటం రాదని." ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు."

"నేనమ్మా, బాబాయ్‌ని. నీ కాళ్లలో లోపం లేదు. నేనే తప్పు బిగించాను."



"ఈ మాట పోయినేడే చెప్పాల్సింది బాబాయ్" అంది.